బొటనవేలి కణుపంత

పదిన్నరకు మొదలవుతుందన్నారు, పదకొండు కావస్తోంది, ఇంకా మైకు దగ్గర హలో హలో అంటూనే ఉన్నారు, నేను మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఆడే రోజులు. తిరుపతి నుంచి వస్తుంటే చిత్తూరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగానే రోడ్డు పక్కన పారబోసిన టెంకల కుప్పల పులిసిన కంపు, కారు అద్దాలు ఎత్తుకున్నా ఆగలేదు, ఈ కల్యాణ మండపంలోకి కూడా మా వెనకే వచ్చింది. దానికి తోడు నిన్నెవరిదో పెళ్ళి జరిగినట్టుంది, సాంబారు వాసన గోడలకు పట్టేసింది, కాళ్ళ కింద నలిగి నల్లబడిన మల్లెపూలు, నా చెప్పు అడుగున ఎవరో పారేసుకున్న కేసరి ముద్ద. గచ్చు మీద రాస్తున్నాను, రాసేకొద్దీ అంటుకుంటోంది. ఛీ. పదమూడేళ్ళుగా శవాలు కోసి పాఠం చెప్పేదాన్ని, ఫార్మలిన్ తొట్టిలో మోచేతుల దాకా ముంచేదాన్ని, దీనికి అసహ్యమనేది ఉంటుందా అని మా చుట్టాలంతా వింతగా చూస్తారు. ఉంటుంది. శవం మీద ఎప్పుడూ వేయలేదు. ఇదిగో ఎదురుగా కట్టిన ఈ ఫ్లెక్సీ మీద వేస్తోంది. జ్యోతిర్మేధ బాల శిక్షణా కేంద్రం, మధ్య మెదడు మేల్కొలుపు, కళ్ళకు గంతలు కట్టినా చదివే చిన్నారులు. బంగారు రంగులో ఒక మెదడు బొమ్మ, చుట్టూ కిరణాలు, మధ్య మెదడు అని బాణం గుర్తు వేసి ఆ బాణాన్ని తీసుకుపోయి వెనకవైపున్న చిన్నమెదడుకు తగిలించారు. మా కాలేజీలో మొదటి ఏడాది పిల్లవాడు ఇలా గుర్తిస్తే రికార్డు వాడి మొహాన కొడతాను. బొమ్మ కింద నా కూతురు ఫోటో. మహిత, ఏడేళ్ళు, తిరుపతి. దాని కింద ఇంకా చిన్న అక్షరాలతో, తల్లి డాక్టర్ అమల, మెదడు శాస్త్ర నిపుణురాలు. ఎవరు వేయమన్నారయ్యా నా పేరు? అడిగితే ఎవరూ చెప్పరు. ముందు వరుసలో మా ఆయన ప్రతాప్ ఫోను స్టాండుకు బిగించి వీడియోకు సిద్ధంగా ఉన్నాడు, పక్కన మా అత్త చంద్రకాంతమ్మ పట్టుచీర కట్టుకుని వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూసి నవ్వుతోంది.

నవ్వుతుంది, ఎందుకు నవ్వదు, ఆమె చిన్నకొడుకు ధర్మేంద్ర ఇన్నాళ్ళకు ఒక వేదిక ఎక్కాడు. సెల్ ఫోన్ల కొట్టు పెట్టి మూసేశాడు, కోళ్ళ ఫారం పెట్టి మూసేశాడు, ఇప్పుడు పిల్లల తలకాయలు తెరుస్తానని కోటు తొడుక్కుని చెవికి మైకు తగిలించుకున్నాడు. ఇదే చంద్రకాంతమ్మ నేను కాపురానికి వచ్చిన కొత్తలో, కాలేజీ నుంచి ఇంటికి రాగానే వీధి వాకిలి నుంచి రానిచ్చేది కాదు. పెరటి గుమ్మం దగ్గర బకెట్టు నీళ్ళు పెట్టి ఉంచేది. చావింటికి పోయొచ్చిన వాళ్ళు చేసినట్టు నేను రోజూ తలారా పోసుకుని, తడిబట్టలతో గదిలోకి పోయి, చీర మార్చుకుని, అప్పుడు వంటింట్లోకి రావాలి. జలుబు చేసినా అంతే, వాన పడుతున్నా అంతే. మహిత పుట్టాక మరీ. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతుంటే, లోపల బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే, ఆ పీనుగుల చేతుల్తో బిడ్డను తాకొద్దు, ముందు నీళ్ళు పోసుకో అని గుమ్మానికి అడ్డం నిలబడేది. నాకు మాత్రం తెలియదా ఆ చేతులు ఎన్నిసార్లు కడిగానో. పోసుకునేదాన్ని. పదమూడేళ్ళు ఒక్క మాట అనకుండా పోసుకున్నాను. ఇవాళ ఆ పీనుగుల చేతుల డాక్టరమ్మే ఫ్లెక్సీ మీదికి కావలసి వచ్చింది.

మధ్య మెదడు ఎంత ఉంటుందో ఈ హాల్లో ఉన్న మూడు వందల మందిలో నాకొక్కదానికే తెలుసు. నా బొటనవేలి పై కణుపంత. మెదడును నడిమికి రెండుగా కోసి బల్ల మీద పరిచినా కొత్త పిల్లలకు కనపడదు, ఏది మేడం, యాడుంది మేడం అంటూ తలలు దూరుస్తారు, ఫోర్సెప్స్ కొసతో చూపిస్తే ఓస్ ఇంతేనా అంటారు. ఇంతే. తల్లికి నెల తప్పిన సంగతి ఇంకా తెలియనే తెలియదు, అప్పటికే లోపల అక్షింత గింజంత ఉన్నవాడి వీపు మీద ఒక పలక లేస్తుంది, పలక అంచులు పైకి లేచి నడుమ కాలువ అవుతుంది, కాలువ గట్లు రెండూ కలిసి గొట్టమవుతుంది, గొట్టం ముందు కొస మూడు బుడగలుగా ఉబ్బుతుంది. ముందు బుడగ రెండుగా విడిపోతుంది, వెనక బుడగ రెండుగా విడిపోతుంది, నడిమిది మాత్రం విడిపోదు. పెద్దోడూ చిన్నోడూ వేరు కాపురాలు పెట్టుకుంటే నడిమోడు పాత ఇంట్లోనే ఉండిపోయినట్టు ఉండిపోతుంది. పైనున్న పెద్దమెదడు పెరిగి పెరిగి, అయిదో నెల దాకా నున్నగా ఉండి, ఆ తరువాత పుర్రెలో చోటు చాలక ముడతలు పడి, ఆ నడిమి ముక్కను పూర్తిగా కప్పేస్తుంది. అది చేసే పనల్లా వెలుగు కనపడితే కన్ను అటు తిప్పడం, చప్పుడైతే తల అటు తిప్పడం, కంటిపాపను ముడవడం, మనిషిని మెలకువగా ఉంచడం. దాన్ని వీళ్ళు మేల్కొలుపుతారంట. అది నిజంగా నిద్రపోతే మనిషి మంచం మీద నుంచి లేవడు, ఆస్పత్రిలో గొట్టాలు తగిలించుకుని పడుకుంటాడు. ఈ మాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అన్నం తినేటప్పుడు అన్నాను. ధర్మేంద్ర చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ప్రతాప్ అన్నాడు, పోనీలే అమలా, వాడికి ఇన్నాళ్ళకు ఒక దారి దొరికింది, పిల్లకు కూడా ధైర్యం వస్తుంది కదా అని. మా అత్త మజ్జిగ పోస్తూ నా వైపు చూడకుండా, చచ్చినోళ్ళ మెదడు గురించి నీకు తెలుస్తాది గానీ బతికినోళ్ళ మెదడు గురించి నీకేం తెలుస్తాది అంది. నేను మజ్జిగ కలుపుకుని తిన్నాను.

నాకేం తెలుస్తుందా? మా నాయన తిరుమలయ్య మధ్య మెదడు నాకు తెలుసు. అందులో ఒక నల్లచార ఉంటుంది, అడ్డంగా కోసి చూస్తే కాటుక పెట్టినట్టు కనపడుతుంది. మా నాయనకు ఆ కాటుక వెలిసిపోయింది, పార్కిన్సన్స్ అంటారు, వణుకు జబ్బు. ముప్పై ఏళ్ళు తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు తోలిన మనిషి, మలుపుల్లో ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో అద్దం తుడుచుకునేవాడు, ఆయన కుడి బొటనవేలూ చూపుడువేలూ ఊరికే కూర్చున్నప్పుడు మాత్ర నలుపుతున్నట్టు కదిలేవి. నేను ఎంబీబీఎస్ రెండో ఏడు. పుస్తకంలో ఉన్న బొమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తోంది. నాయనా అన్నాను, అంతే, ఇంకేమీ అనలేదు, ఆయన వేళ్ళు తొడ కింద పెట్టుకున్నాడు. "నీకు తెలిసింది నీలోనే పెట్టుకో పాపా, రిటైరయ్యేదాకా ఎట్నో ఒగట్ల లాగుతాను," అన్నాడు. లాగాడు. నాలుగు నెలలు. రోజుకు నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు యాభై మంది గోవిందా గోవిందా అంటూ వెనక కూర్చునేవాళ్ళు, వాళ్ళ గుండు పిల్లలు కిటికీ పక్కన నిద్రపోయేవాళ్ళు. నేను హాస్టల్లో కూర్చుని ఆ నల్లచార బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టి ఇంట్లో అందరూ మర్చిపోయారు, నేనే ఇప్పటికీ ఘాట్ రోడ్డు బస్సెక్కితే ముందు డ్రైవరు వేళ్ళు చూస్తాను. నోరు మూసుకోవడం నాకు ఆనాటి నుంచే అలవాటు.

మైకు పని చేసింది. ధర్మేంద్ర చేతులు జోడించి తల్లిదండ్రులారా అంటున్నాడు. అందరిలోనూ నిద్రాణంగా ఉన్న దివ్యశక్తి అంటున్నాడు, రోజూ గంట సంగీతం, గంట ధ్యానం, పది రోజుల్లో మూడో కన్ను అంటున్నాడు. నా పక్కన కూర్చున్నావిడ ఎనిమిదేళ్ళ పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆశగా వింటోంది, ఆమె చీర మీద సున్నం మరకలున్నాయి, పని మానుకుని వచ్చినట్టుంది. ఆ పిల్లవాడి నోటి నుంచి జొల్లు కారుతోంది, తల నిలబడడం లేదు, పుట్టినప్పుడు ఏడవలేదేమో, చూస్తేనే తెలుస్తోంది. మా వాడికి కూడా తెరుస్తారా అక్కా అని నన్ను అడిగింది. ఫ్లెక్సీ మీది డాక్టరమ్మ నేనేనని ఆమెకు తెలియదు. నేను తల ఊపానా, అడ్డంగా ఊపానా, నాకే తెలియలేదు. లేచి బయటికి పోయి ఉమ్మేసి రావాలనిపించింది. లేవలేదు. వేదిక మీద మొదటి పిల్లవాడు గంతలు కట్టుకుని పచ్చ బంతిని పచ్చ అన్నాడు, హాలంతా చప్పట్లు. వాడి గడ్డం పైకి లేచి ఉంది. ముక్కు మొనను గాలిలోకి ఎత్తి, కళ్ళు కిందికి దించి చూస్తే ముక్కుకూ చెంపకూ నడుమ వేలు పట్టేంత సందు ఉంటుంది, ఎంత మెత్త పెట్టి కట్టినా ముక్కు ఎముక లేచి ఉన్నంత కాలం ఉంటుంది. ఇది తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, చిన్నప్పుడు కళ్ళకు గంతలాట ఆడినవాళ్ళందరికీ తెలుసు. ఈ మూడు వందల మందీ ఆడినవాళ్ళే కదా.

మహిత గడ్డం అలా లేవడం నేను మొదట మా ఇంటి హాల్లో చూశాను. ఎండాకాలం సెలవుల్లో పరీక్షల డ్యూటీకి కర్నూలు పోయి పది రోజులుండి వచ్చేసరికి దాన్ని చేర్చేశారు, ప్రతాప్ సంతకం పెట్టాడు. నేను సంచి దించకముందే దాన్ని నా ఎదుట కూర్చోబెట్టారు. నల్ల గుడ్డ కట్టారు, పేపరు చేతికిచ్చారు, అది పేపరు మీద అరచేయి రాసి, ఆగి, మెల్లగా గడ్డం ఎత్తి, వరద నీటిలో చిక్కుకున్న ఆరుగురు అని చదివింది. మా అత్త కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. నేను బిడ్డ మొహం చూస్తున్నాను. నా బిడ్డ. నిన్నటి దాకా చాక్లెట్టు తిని తినలేదని చెప్పలేక పెదవి వణికే బిడ్డ. ఎంత నెమ్మదిగా, ఎంత ఓపికగా, ఎంత నమ్మకంగా అబద్ధం ఆడింది. ఏదో తెగినట్టయింది లోపల. అబద్ధం ఎదుగుదలేనని నేనే పాఠం చెబుతాను. నాలుగేళ్ళ దాకా బిడ్డ తనకు తెలిసిందే అందరికీ తెలుసనుకుంటుంది, అవతలి తలకాయలో వేరే సంగతి ఉంటుందని తెలిశాకే అబద్ధం పుడుతుంది, నుదుటి వెనకనున్న భాగం అన్నిటికంటే చివర ఎదుగుతుంది, ఇరవై అయిదేళ్ళొచ్చినా ఇంకా పని నడుస్తూనే ఉంటుంది, అందుకే పిల్లల మీద కోపగించుకోకూడదు, ఇవన్నీ బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. ఇంటికి వచ్చి నా కూతురి జడ వేస్తుంటే నా వేళ్ళు దాని తలను తాకడానికి జంకుతున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. నూనె రాస్తూ, ఈ తలలో ఏముందో నాకు తెలియదు అనుకునేదాన్ని. అమ్మా అని వెనక నుంచి వచ్చి మెడ పట్టుకుంటే ఒళ్ళు ఝల్లుమనేది, దించేసేదాన్ని. ముద్దు పెట్టబోతే పని ఉందనేదాన్ని. ఎందుకమ్మా ఇట్ల చేస్తావు అని ఒక్కసారి కూడా అడగలేదు దాన్ని. అడిగితే నా కళ్ళలోకి చూసి మళ్ళీ అబద్ధం చెబుతుందేమోనని భయం. ఆ మాట వింటే ఇక నా బిడ్డ నాకు దక్కదనిపించింది. రెండు నెలలు. రెండు నెలలుగా నా సొంత బిడ్డంటే నాకు రోత. ప్రతాప్ మీద కాదు, ధర్మేంద్ర మీద కాదు, దాని మీద. మా డిసెక్షన్ హాల్లో రాజారత్నం అనే అటెండరున్నాడు, పుర్రె పైకప్పు రంపంతో కోసి మెదడును చేతుల్లోకి తీసుకుంటాడు, పసిబిడ్డను స్నానం నుంచి ఎత్తినంత జాగ్రత్తగా. మందులో ఊరినది కాబట్టి గట్టిగా ఉంటుంది, ప్రాణమున్న మెదడు గడ్డపెరుగంత మెత్తన అని ఒకసారి చెబితే, అయితే మనమంతా పెరుగు ముంత మోస్తా తిరుగుతుండామా మేడం అన్నాడు. అంత ముంతలో ఇంత కుళ్ళు ఎవరు పోశారు నా బిడ్డకు?

పేరు పిలిచారు. మహిత కాదు, నా పేరు. డాక్టర్ అమల గారు, మా వదినగారు, మెదడు గురించి పదమూడేళ్ళుగా పాఠాలు చెబుతున్న ప్రొఫెసరు గారు స్వయంగా వచ్చి తమ బిడ్డకు తామే గంతలు కడతారు అంటున్నాడు. నాకు ముందు చెప్పలేదు. అడిగితే రానని తెలుసు, అందుకే అడగలేదు. మా అత్త లేచి నిలబడి రమ్మని చెయ్యి ఊపుతోంది, ప్రతాప్ ఫోను నా వైపు తిప్పాడు, పక్కనున్న సున్నం మరకల చీరావిడ అక్కా మీరేనా అని నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ తడి ఇంకా నా మణికట్టు మీద ఉంది. మెట్లెక్కాను. చెప్పు అడుగున కేసరి మెట్టు మెట్టుకూ అతుక్కుంటోంది. మహిత పసుపు గౌను వేసుకుని స్టూలు మీద కూర్చుంది, కాళ్ళు నేలకు అందడం లేదు, నన్ను చూసి ఎంత సంతోషపడిందంటే నాకు చూపు తిప్పుకోవాలనిపించింది. ఇప్పుడు నాకు రెండే దారులు. వదులుగా కట్టి దిగిపోవడం. లేదా కట్టవలసినట్టు కట్టడం.

పళ్ళెంలో నల్ల వెల్వెట్ పట్టీ, రెండు దూది బిళ్ళలు, పక్కన దూది చుట్ట. బిళ్ళలు కళ్ళ మీద పెట్టాను. తరువాత చుట్టలోంచి ఇంకొంత దూది తుంచాను. ధర్మేంద్ర చెవి మైకును అరచేత్తో మూసి, "చాల్లే వదినా, రోజూ ఇట్లే కడతాం," అన్నాడు. నేను వినలేదు. ముక్కు గోడకూ చెంపకూ నడుమ ఉండే గుంట, కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి ఉండే చోటు, ఆ గుంటను నా వేళ్ళు చూడకుండానే కనుక్కోగలవు, పీనుగుల చేతులు కదా, అటూ ఇటూ దూది ముద్దలు కుక్కాను, ఇంకొంచెం కుక్కాను, దాని మీద పట్టీ బిగించి తల వెనక ఎముక బొడిపె కింద ముడి వేశాను. బిడ్డ కదల్లేదు. స్కూలు ఫోటోకు నిలబడినట్టు బిగుసుకుని కూర్చుంది. ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను, ఆ తృప్తి నాలుక మీద తియ్యగా తగిలింది. ఇది కూడా చెప్పాలి, తియ్యగానే తగిలింది. ధర్మేంద్ర మొహంలో నెత్తురు లేదు, అయినా పళ్ళెంలోంచి ఎర్ర అట్ట తీసి బిడ్డ ముందు పట్టుకున్నాడు, స్టాండు మైకును దాని నోటి దగ్గరికి జరిపాడు. మహిత అట్ట మీద అరచేయి రాసింది. గడ్డం ఎత్తింది. ఇంకా ఎత్తింది. మెడ వెనక్కి వాలిపోయి మొహం పైకప్పు వైపు తిరిగింది. అలాగే ఉండిపోయింది. తరువాత చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా కొంగు దొరికించుకుంది.

"అమ్మా, వెలుతురు రాలేదు."

ఏ వెలుతురు అన్నాను.

"ముక్కు కాడ గీత మాదిరి వస్తాది కదా. మెదడు తెరుసుకుంటే ఆడ్నించే వెలుతురు వస్తాదని బాబాయి చెప్పినాడు. రోజూ వచ్చేది. గడ్డమెత్తితే అందులో అచ్చరాలు కనపడేటివి." దూది కింద నుంచి తడి చెంప మీదికి దిగుతోంది. "ఇప్పుడు రాలేదమ్మా. నా మెదడు మూసుకుపోయిందా?"

స్టూలు పక్కన కూలబడ్డాను. ఇది అబద్ధం ఆడలేదు. ఒక్కనాడూ ఆడలేదు. పెద్దవాడు చెప్పింది నమ్మింది, ఆ సందులో వచ్చే వెలుతురే తన తలలో వెలుగుతున్న దీపమనుకుంది, దాన్ని నాకు చూపించాలని రెండు నెలలుగా నా వెంట తిరిగింది, నేను చెయ్యి వెనక్కి తీసుకుంటూ వచ్చాను. అన్నీ తెలిసినదాన్ని. అడగని మనిషిని. ముడి ఊడిరాలేదు, గోళ్ళతో లాగాను, పట్టీ పీకి పడేశాను, దూది తీశాను, దాని కళ్ళు ఎర్రగా తెరుచుకుని నన్ను వెతికాయి.

"మూసుకుపోలేదు పాపా. అమ్మే దూది కుక్కింది," అన్నాను. మైకు ఇంకా అక్కడే ఉంది, హాలంతా వినపడింది.

"ఎందుకు కుక్కినావు?"

ధర్మేంద్ర మైకు లాక్కోబోయాడు, నేను దాని గొట్టం గట్టిగా పట్టుకున్నాను. మా అత్త నిలబడే ఉంది. ప్రతాప్ ఫోను దించాడు.

"నువ్వు అబద్ధం ఆడుతున్నావనుకున్నాను," అన్నాను. అది కూడా అందరికీ వినపడింది.